పదమూడు మూరల జంపఖానా

ఉప్పలయ్య ఏ పని మొదలుపెట్టినా ముందు బరువు చూస్తాడు, తర్వాత దూరం చూస్తాడు, చివరికి తన వయసు చూసుకుంటాడు. మూడూ కలిపి వచ్చినదాన్ని బట్టి పోవడమా మానడమా తేల్చుకుంటాడు. అలాంటి మనిషి యాభై రెండేళ్ళ వయసులో, పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది మాఘమాసంలో, ఇరవై కిలోలకు కాస్త తక్కువ బరువున్న జంపఖానాను సైకిలెక్కించి యాభై మైళ్ళ అవతలి గుట్ట కొనకు చేర్చడానికి ఒప్పుకున్నాడంటే, లెక్కలో ఎక్కడో పొరపాటు పడ్డాడని వరంగల్ కొత్తవాడ పేటంతా అనుకుంది. పొరపాటు పడిన మాట నిజమే. అయితే వాళ్ళనుకున్న చోట కాదు.

కొత్తవాడలో ఆయనకు జంపఖానాల దుకాణం ఉంది. దుకాణమంటే ఒక అరుగు, అరుగు వెనక ఒక గది. నేత వేరేవాళ్ళ ఇళ్ళల్లో జరుగుతుంది, అమ్మకం ఆయన పని. ముప్ఫై ఏళ్ళు క్యారియర్ మీద చుట్టలు కట్టుకుని ఊళ్ళు తిరిగాడు కాబట్టి ఏ బాట ఎంత సత్తువ తింటుందో ఆయన కాళ్ళకు తెలుసు. ఆయన దగ్గర మైళ్ళన్నీ ఒకటి కావు. చదునైన తారురోడ్డు మీద మైలు మైలే. ఎదురుగాలి ఉంటే ఒకటిన్నర. ఇసుక బాటలో మూడు. గుట్ట ఎక్కే మైలుకు ఎనిమిది వేసుకోవాలి.

పోశయ్య ఆ అరుగు దగ్గరికి పుష్యమాసం మొదట్లో వచ్చాడు. పస్రా అవతల అడవి అంచున ఉన్న ఊటపల్లి ఆయనది. ఏటా వరంగల్ మార్కెట్లో చింతపండు, కుంకుడుకాయలు అమ్ముకుని, పోయేటప్పుడు ఉప్పలయ్య దగ్గర కాసేపు కూర్చుని మంచినీళ్ళు తాగి పోయే మనిషి. బాగా పొడుగరి. అరుగెక్కాలంటే తల వంచాల్సిందే. ఆ రోజు ఆయన కూర్చోలేదు.

"ఒక జంపఖానా గావాలె సావుకారి. పదమూడు మూరల పొడుగు, ఆరు మూరల ఎడల్పు. నేనే బండ మీద కొలుసుకొని వచ్చిన. నడుమ అతుకు ఉండద్దు. నేసినంక దాని మీద ఎవ్వలు కూసోవద్దు."

"ఏంది, పెండ్లా?"

"పెండ్లి గాదు. పంచాది తెంపుకునుడు."

ఊటపల్లికీ, గుట్ట అవతలి గుండ్లవాగుకూ నాలుగేళ్ళుగా మాటల్లేవు. గుట్ట మీద తేనెపట్లు పట్టే రాతిచరియ ఎవరిదన్న దగ్గర మొదలై కర్రల దాకా పోయింది. గుట్టను చుట్టిపోయే బండ్ల బాటకు ఆ రోజే రెండు ఊళ్ళవాళ్ళూ ముళ్ళకంప కొట్టారు. పోశయ్య బిడ్డ కట్టమ్మను ఇచ్చింది గుండ్లవాగుకే. అప్పటికి ఆమెకు పెళ్ళయి ఆరు నెలలు. మొదటి కానుపు తల్లి పక్కన లేకుండానే అయింది. ఆ పసిగుడ్డు దక్కలేదు. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల.

"ఈసారన్న బిడ్డను ఇంటికి తెచ్చుకోవాలె," అన్నాడు పోశయ్య. "మా ఇంటామె సమ్మమ్మ తిండి మానేసింది, సావుకారి."

తగవు తెంపుకోవడానికి ఆ రెండు ఊళ్ళకూ తాతల నాటి పద్ధతి ఒకటుంది. మూడుమెట్ల గుట్ట కొన మీది బండ ఏ ఊరి పొలిమేరలోదీ కాదు. మాఘ పున్నమి నాడు ఊరికి పన్నెండు మంది చొప్పున ఎక్కి, పొద్దు నడినెత్తికి రాకముందే అక్కడ ఒకే పరుపు మీద కూర్చోవాలి. ఒకరు పరుపు మీదా ఒకరు రాయి మీదా కూర్చుంటే ఎక్కువ తక్కువలు వస్తాయి, మాట నిలవదు. సంతలో కబురందిస్తే గుండ్లవాగువాళ్ళూ ఈ పున్నమికి వస్తామన్నారు. ఆ రోజు తప్పితే మళ్ళీ ఏడాదికే.

"మంచిగున్నది. నేసి పెడుత, వచ్చి పట్కపో," అన్నాడు ఉప్పలయ్య.

"మేం పట్కపోరాదు. పరిచేదాక రెండూళ్ళోళ్ళ చెయ్యి దానికి తాకద్దు. బయటి మనిషే మోసుకరావాలె."

"ఎవలా బయటి మనిషి?"

పోశయ్య ఆయన వైపు చూశాడు.

ఉప్పలయ్య మనసులో కాదనే అనుకున్నాడు. ఆ మాట నోటికి వచ్చేలోపు, తిండి మానేసిన ఆడమనిషి ఒకామె ఆయన కళ్ళ ముందు కూర్చుంది. ఆమెను లెక్కలో ఎక్కడ వేయాలో తెలియక, సరేనన్నాడు.

మూర అంటే గజంలో సగం. ఆరున్నర గజాల పొడవు, మూడు గజాల వెడల్పు అని రాసుకుని, అంత వెడల్పు నేసే మగ్గమున్న మొగిలమ్మకు అప్పజెప్పాడు. ఆ మగ్గానికి ఇద్దరు కావాలి. ఒక కొసన మొగిలమ్మ, ఇంకో కొసన ఆమె చెల్లెలు కూర్చుని ఆరు వారాలు నేశారు. ఎరుపు, నీలం పట్టెలు, అంచుకు తెలుపు. మగ్గం మీది నుంచి కోసిన రోజు మొగిలమ్మ అడిగింది.

"ఉప్పలయ్య తమ్మీ, నిజంగనే గుట్ట ఎక్కుతానవా? లేకపోతె గాడ కొత్త దుకాణం వెడుతానవా?"

"ఎక్కుతాన అక్కా."

"నాలుగు మెట్లెక్కితెనే ఆయాసపడుతవు. బస్సుల వేసి పంపరాదు?"

బస్సు సంగతి ఆయన ముందే ఆలోచించి కొట్టేశాడు. ములుగు దిక్కు పోయే బస్సుల్లో లోపలెంత మందో పైనా అంత మంది. పైన ఎక్కినవాళ్ళు దేని మీద కూర్చుంటారు? మూటల మీద. మెత్తటి మూట కనిపిస్తే మరీ సంతోషంగా కూర్చుంటారు. లారీ అయినా, ఎడ్లబండి అయినా అదే గతి. మనిషి కూర్చోకుండా సామాను పోయే బండి లోకంలో సైకిల్ ఒక్కటే, ఎందుకంటే దాని సీటు మీద తొక్కేవాడే ఉంటాడు.

జంపఖానాను మూడు మడతలు వేసి చుట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు, కవరు మీద గోనె సంచి చుట్టి, పాత ట్యూబు ముక్కలతో క్యారియర్‌కు బిగించాడు. ఒక పంపు, సొల్యూషన్ డబ్బీ, జొన్నరొట్టెల మూట సర్దుకున్నాడు. పున్నమికి రెండు రోజుల ముందు తెల్లవారుతుండగా హనుమకొండ దాటాడు.

మొదటి రోజు ముప్ఫై మైళ్ళు. వెనక బరువుంటే హ్యాండిల్ తేలిపోతుంది, ముందుకు వంగి తొక్కాలి. ఆత్మకూరు దాకా గాలి లేదు. తర్వాత ఎదురుగాలి మొదలైతే మైలుకు ఒకటిన్నర వేసుకుంటూ మల్లంపల్లి చేరి, హోటల్ ముందు స్టాండు వేసి చాయ్ చెప్పాడు. గ్లాసు చేతికి వచ్చేలోపే తలపాగా కట్టుకున్న ఒకాయన సైకిల్ దగ్గరికి పోయి గోనె చుట్ట మీద వాలబోయాడు.

"ఓ బాపూ! కూసోకు, కూసోకు!" ఉప్పలయ్య గ్లాసు వదిలేసి ఉరికాడు.

"ఏమైతది? బాంబులున్నయా?"

"జంపఖానా ఉన్నది."

"జంపఖానా కూసునేటందుకు గాకపోతె మరెందుకయ్యా? నెత్తిన కప్పుకునేటందుకా?"

హోటల్లో అందరూ నవ్వారు. ఉప్పలయ్య కూడా నవ్వి, ఆయనకో చాయ్ చెప్పి బెంచీ మీద కూర్చోబెట్టాడు. తాను మాత్రం సైకిల్‌కు ఆనుకుని నిలబడే తాగాడు. ఆ రాత్రి ములుగులో, చాలాకాలంగా తన దగ్గర జంపఖానాలు కొనే దానియేలు పంతులు ఇంట్లో పడుకున్నాడు. రెండో రోజు పస్రా దాకా రోడ్డు, అక్కడినుంచి ఐదు మైళ్ళ ఇసుక బాట. సగం తొక్కి, సగం నెట్టి, పొద్దుగుంకే వేళకు ఊటపల్లి చేరాడు.

పోశయ్య భార్య సమ్మమ్మ కాళ్ళకు నీళ్ళిచ్చింది. సన్నగా, ఎండిన కట్టెలా ఉంది. గోనె చుట్టకు దూరంగా నిలబడే దాన్ని చాలాసేపు చూసింది.

"రేపు కూసుంటరా అన్నా?" అని అడిగింది.

"నేను మోసుకచ్చేటోన్నే అక్కా. కూసుండుడు వాళ్ళ పని."

ఆ జవాబు తనకే నచ్చలేదు. అయినా అమ్మకపు మాటల్లో లేని హామీ ఇవ్వడం ఆయనకు అలవాటు లేదు.

మర్నాడు తెల్లారగానే బయలుదేరారు. ఊరి నుంచి పదకొండు మంది నీళ్ళ కుండలతో నిటారు బాటన ముందే ఎక్కిపోయారు. పోశయ్య మాత్రం ఉప్పలయ్యతో వెదురు కూపు బాటకు వచ్చాడు. కొట్టిన వెదురును బండ్ల మీద దించే ఆ బాట ఊటపల్లి వైపు నుంచే మెలికలు తిరుగుతూ రెండో మెట్టు దాకా పోతుంది. దూరం రెండింతలు, ఎక్కుడు సగం.

ఉప్పలయ్య సైకిల్‌ను కూడా నడిపిస్తుంటే పోశయ్యకు నవ్వు వచ్చింది.

"సైకిల్‌కు గూడ మొక్కున్నదా సావుకారి?"

"జంపఖానాకు నీ చెయ్యి తాకద్దంటివి. సైకిల్‌కు తాకచ్చునా?"

పోశయ్య ఆగి ఆలోచించాడు. "సైకిల్ సంగతి మా తాతలు ఏం జెప్పలే."

"చెప్పలేదు గదా? మరి ఎనుక నుంచి నెట్టు."

పోశయ్య పగలబడి నవ్వి, క్యారియర్ కింది కడ్డీ పట్టుకున్నాడు. ఉప్పలయ్య లెక్క అదే. బరువును తన ఒక్కడి నెత్తి మీద మోస్తే ఒక మనిషి సత్తువ. చక్రాల మీద ఉన్నంతసేపు ఇద్దరి సత్తువ. చక్రం తిరగనన్న చోట దించేయాలి, అంతకుముందు ఒక్క గజం కూడా కాదు. అక్కడక్కడా బాట చదునైతే ఉప్పలయ్య సీటెక్కి నాలుగు తొక్కులు తొక్కేవాడు, పోశయ్య వెనక ఉరికేవాడు. కంకర జారే చోట ఇద్దరూ ఒంగి నెట్టేవారు. ఒకచోట వెదురు ముల్లు దిగి ముందు టైరు కూర్చుంది. పంచర్ వేసేసరికి గంటలో మూడో వంతు పోయింది. మొదటి మెట్టు చేరేసరికి ఇద్దరి అంగీలూ తడిసి ఒంటికి అతుక్కున్నాయి.

మెట్టు అంటే గుట్ట మధ్యలో అరుగులా చదునుగా ఉన్న రాతినేల. మద్దిచెట్టు నీడలో రొట్టె విరుచుకుని తింటూ ఉప్పలయ్య ఊరికే అడిగాడు.

"పైన బండను దేనితోని కొలిచినవు? తాడా?"

"తాడెందుకు? చెయ్యి ఉన్నది గదా." పోశయ్య మోకాళ్ళ మీద వంగి, మోచేయి నేలకు ఆనించి, వేళ్ళు చాచి చూపించాడు. "గిట్ల పదమూడు సార్లు."

ఉప్పలయ్య నములుతున్నది ఆపాడు. రొట్టె పక్కన పెట్టి, సరిగ్గా అర గజముండే తన చేయిని ఆ చేయి పక్కన ఆనించాడు. మోచేతులు సమానంగా పెట్టి చూస్తే పోశయ్య వేళ్ళు నాలుగు వేళ్ళ మందం ముందుకు పోయి ఉన్నాయి.

"ఏందట్ల చూత్తానవు?"

"ఏం లేదు. తిను."

మూరకు ఇరవై నాలుగు వేళ్ళు. ఒక్కో మూరకు నాలుగు వేళ్ళు తక్కువ. పదమూడు నాలుగులు యాభై రెండు. అంటే రెండు మూరల మీద నాలుగు వేళ్ళు పొడవులో పోయాయి. వెడల్పులో ఆరు నాలుగులు ఇరవై నాలుగు, నిండుగా ఒక మూర. సంతలో మూర పూలు కొనే ఆడవాళ్ళు కూడా "ఎవరి మూరే ఇది, నీ పొట్టిచేతి మూరకు నేను కొనను" అని గొడవ పడతారు. ముప్ఫై ఏళ్ళు గజకడ్డీ పట్టిన తాను ఆ ఒక్క మాట అడగలేదు. దుకాణంలో మూర అంటే అర గజమే కాబట్టి, అడవిలోనూ అంతే అనుకున్నాడు.

తిరిగిపోయి ఇంకొకటి నేయించాలంటే ఆరు వారాలు. అతుకు వేయరాదు. చెప్పకుండా పైకి తీసుకుపోతే పరిచిన నిమిషంలో అందరికీ తెలుస్తుంది. చెబితే ఈ మనిషి కాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. అటూ ఇటూ తూచుకుంటూ ఆయన సైకిల్ నెట్టాడు. పోశయ్య వెనకనుంచి బిడ్డ ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు. పాలు పితకడం ఎంత తొందరగా నేర్చుకుందో, ఒకసారి అలిగి చింతచెట్టెక్కి కూర్చుంటే ఊరంతా ఎలా బతిమాలిందో చెప్పాడు. రెండో మెట్టు దగ్గర బాట అయిపోయింది. ముందంతా మనిషెత్తు రాళ్ళు. చక్రానికి ఇక పని లేదు. స్టాండు వేసి, తాళం తిప్పి, ఉప్పలయ్య చెప్పేశాడు.

పోశయ్య మొదట నమ్మలేదు. చేతులు మళ్ళీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత కోపం వచ్చింది.

"గజాలు గజాలు అమ్మే సావుకారివి, ఎవ్వని మూరని అడగవా?"

"నువ్వు జెప్పద్దా, నీ చెయ్యి పొడుగని?"

"నా చెయ్యి పొడుగని నాకెట్ల ఎర్కయితది? నాకు పుట్టినకాడికెళ్ళి గిదే చెయ్యి!"

పోశయ్య రాయి మీద కూలబడి తల పట్టుకున్నాడు. పైనుంచి ఎవరో కూత వేశారు.

"పోశన్నా, ఒక్క ముచ్చట చెప్పు," అన్నాడు ఉప్పలయ్య. "పదమూడే ఎందుకు? పన్నెండు గావచ్చు, పదిహేను గావచ్చు."

"ఊరికి ఐదు మూరలు. మూడు వరుసలు, వరుసకు నలుగురు. ఐదు ఐదు పది. నడుమ మూడు మూరలు ఖాళీ ఇడువాలె."

"ఎందుకు ఇడువాలె?"

"కట్టె పొడుగు అది. ఎవడన్న లేచి కొట్టినా అవతలోనికి తాకకుంట."

"అతుకు ఉండద్దు, కొత్తది గావాలె అన్నవు. ఖాళీ ఉండాలె అని గూడ మీ తాతలు జెప్పిండ్రా?"

పోశయ్య తల ఎత్తాడు. "జెప్పలే. భయానికి ఇడుస్తరు."

ఉప్పలయ్య పుల్లతో మట్టిలో గీతలు గీశాడు. పొడవులో పోయిన రెండు మూరలు ఆ ఖాళీలోంచే పోతాయి. వెడల్పు తగ్గింది కాబట్టి వరుసలో నలుగురు పట్టరు, ఒక్కొక్కరు ముందుకు జరగాలి. అప్పుడు మిగిలిన ఖాళీ కూడా నిండిపోతుంది. ఎటు కూడినా ఇరవై నాలుగు మందీ పడతారు. కాకపోతే రెండు ఊళ్ళ మోకాళ్ళూ ఆనుకుంటాయి.

"మోకాలుకు మోకాలు ఆనిచ్చి కూసుంటరా?"

"సచ్చినా కూసోరు," అన్నాడు పోశయ్య. అని లేచి నిలబడ్డాడు. "నడువ్. గిందాక వచ్చినం."

చివరి మెట్టు అర మైలు కూడా లేదు, ఉప్పలయ్య మాత్రం దానికి పది వేసుకున్నాడు. నెత్తి మీద చుట్ట, చేతులు రాళ్ళ మీద. పది అడుగులకోసారి గుండె చెవుల్లో కొట్టుకుంది. ఒకచోట కాలు జారి చుట్ట వెనక్కి ఒరిగింది. పోశయ్య చేయి దాని మీదికి పోబోయి, మధ్యలోనే ఆగి, ఉప్పలయ్య నడుం పట్టుకుంది.

"నన్ను తాకచ్చునా మరి?"

"నువ్వు సైకిల్ లెక్కనే," అని పోశయ్య వీపుకు చేయి వేసి నెట్టాడు.

కొన మీద గాలి విసురుగా ఉంది. చుట్టూ ఎటు చూసినా అడవే. బండకు ఒక దిక్కు ఊటపల్లివాళ్ళు పదకొండు మంది, ఇంకో దిక్కు గుండ్లవాగువాళ్ళు పన్నెండు మంది నిలబడి ఉన్నారు. వాళ్ళలో పోశయ్య అల్లుడు ఎల్లస్వామి ఉన్నాడు. మామను చూసి తల దించుకున్నాడు. గుండ్లవాగు పెద్ద యాకయ్య, ఎండలో కూడా నిండు చేతుల అంగీ గుండీలు పెట్టుకుని ముందు నిలబడ్డాడు. ఆ పన్నెండు మందిలోనే ఉన్న ఆయన అక్క భద్రమ్మ, డెబ్బై ఏళ్ళ ముసలమ్మ, కర్ర ఊతంతో ఎక్కివచ్చి ఎగశ్వాసతో రొప్పుతోంది.

ఉప్పలయ్య గోనె విప్పి జంపఖానా పరిచాడు. ఎర్ర పట్టెలు ఎండకు మెరిశాయి. బండకు రెండు కొసలా రాయి బయటపడి కనిపించింది.

"ఏందిది?" యాకయ్య గొంతు లేచింది. "పోయిన నెల పోశయ్య కొలిచి గీసిన గీత ఉన్నది గదా. తక్కువ ఎందుకున్నది? మావోళ్ళను రాయి మీద కూసోవెడుదమనా?"

"గిదే వాళ్ళ బుద్ధి," అన్నారు ఆయన వెనకవాళ్ళు. ఊటపల్లివాళ్ళు కూడా గొంతు పెంచారు. రెండు గుంపులూ అడుగు ముందుకు వేశాయి.

"ఆగుండ్రి!" ఉప్పలయ్య జంపఖానా అంచున నిలబడి చేతులు చాచాడు. "వీళ్ళ తప్పు గాదు, వాళ్ళ తప్పు గాదు. తప్పు నాది. పోశన్న తన మూరతోని కొలిచిండు, నేను నా మూరతోని నేయించిన. ఎవలి మూర అని అడగకపోతి."

"మూర అంటె మూరనే. మూరకు మూరకు తేడా ఉంటదా?" అన్నాడు యాకయ్య.

"చెయ్యి వెట్టి చూడుండ్రి."

పోశయ్య వంగి మోచేయి బండ మీద ఆనించాడు. ఉప్పలయ్య తన చేయి పక్కన పెట్టాడు. నాలుగు వేళ్ళ తేడా అందరికీ కనిపించింది. ఎవరో నవ్వారు. యాకయ్యకు పంతం వచ్చింది.

"నాది వెట్టి చూడు. మా ఊరి మూర ఎంతనో చూడు," అంటూ గుండీ విప్పి అంగీ చేయి పైకి మడిచి, పోశయ్య చేయి పక్కనే ఆనించాడు.

ఆ చేయి నిటారుగా ఆనలేదు. మణికట్టు పైన ఎముక విరిగి వంకరగా అతికింది. వేళ్ళు పూర్తిగా చాచుకోవడం లేదు. ఉప్పలయ్య చేయి కంటే కూడా పొట్టిగా ఉంది.

యాకయ్య కూడా దాన్నే చూశాడు. "ఒకప్పుడు నాది గూడ పొడుగే ఉండె," అన్నాడు మెల్లగా.

నాలుగేళ్ళుగా రెండు ఊళ్ళూ పట్టుబట్టి కూర్చున్నది కర్రలు లేచిన నాటి ఆ ఒక్క దెబ్బ గురించే. కొట్టలేదని ఊటపల్లివాళ్ళు, కొట్టారని గుండ్లవాగువాళ్ళు. పోశయ్య తన చేయి తీసేయలేదు. రెండు చేతులూ మోచేతి నుంచి వేళ్ళ దాకా తాకుతూ బండ మీద అలాగే ఉన్నాయి.

"ఆ కట్టె నాదే, యాకయ్యా," అన్నాడు పోశయ్య.

ఊటపల్లివాళ్ళు ఉలిక్కిపడి చూశారు. వాళ్ళకు కూడా ఆయన ఎన్నడూ చెప్పలేదు.

"నాకు ఎర్కనే," అన్నాడు యాకయ్య. "నా ఎదురుంగనే గదా ఉన్నవు. నువ్వు ఒప్పుకుంటవా లేదా అనే చూసిన."

పొద్దు నడినెత్తికి రెండు బారల దూరంలో ఉంది. ఉప్పలయ్యకు అటు కూడా ఒక కన్ను ఉంది.

"మరి ఇప్పుడేం జేద్దాం? నలుగురు రాయి మీద కూసుండాల్నా?" యాకయ్య అడిగాడు. కోపం తగ్గింది కానీ గుంపు ఇంకా బిగుసుకునే ఉంది.

"ఎవ్వలు రాయి మీద కూసునుడు లేదు," అన్నాడు ఉప్పలయ్య. "నేను లెక్క జూసిన. ఇరవై నలుగురు పడుతరు. నడుమ ఖాళీ ఇడువకుంటె పడుతరు. మూడు మూరలు కట్టెకు జాగ ఇడుస్తానరు మీరు. ఇయ్యాల కట్టెలు ఎవలన్న తెచ్చిండ్రా?"

ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. "ఎవ్వలు తేలే," అన్నాడు ఎల్లస్వామి.

"మరి రాని కట్టెకు జాగెందుకు?"

"నా కట్టె ఒక్కటున్నది," అంది భద్రమ్మ. "దీంతోని కొట్టాల్నంటె ముందుగాల నేను వడుత." అంటూనే జంపఖానా నట్టనడుమకు నడిచి, ఊతకర్రను అవతల పారేసి, అమ్మా అని మూలుగుతూ కూర్చుంది. "మోకాళ్ళు అరిగి సచ్చుకుంట మూడు మెట్లెక్కిన. మీరు నిలవడి మూరలు కొలుసుకోండ్రి, నేనైతె లేవ. మెత్తగున్నది. ఓ పోశిగా, రా, ఈడ కూసో. మా తమ్ముని ఎదురుంగ కూసో."

పోశయ్య కూర్చున్నాడు. యాకయ్య ఒక క్షణం ఆగి, ఆయన ఎదుట కూర్చున్నాడు. మోకాళ్ళు తగిలాయి. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. అనుకున్నట్టే వరుసకు ముగ్గురు పట్టారు, నాలుగోవాడు ముందుకు జరిగాడు. "జరుగయ్యా, సగం బయట ఉన్న" అని ఒకరు, "నా కాలు నీ కింద ఉన్నది" అని ఒకరు. ఎవరో లావుపాటి మనిషిని చూసి "వీనికి రెండు మూరలు గావాలె, ఊరికి పదకొండు మందినే పట్కరావాల్సింది" అంటే అవతలి ఊరివాళ్ళే ముందు నవ్వారు. చివరకు ఎల్లస్వామి ఒక్కడు మిగిలాడు. పోశయ్య పక్కకు ఒరిగి జానెడు చోటు చేశాడు. అల్లుడు ఆ జానెడులో మామ భుజానికి భుజం ఆనించి ఇరుక్కున్నాడు.

ఉప్పలయ్య తలలు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. నీడలు కాళ్ళ కిందికి వచ్చాయి. ఆయన బండ మీదే, రాయి మీద, కూర్చుండిపోయాడు. ఆయన బయటి మనిషి కాబట్టి ఆ పరుపులో వాటా లేదు.

మాటలు ఎక్కువ జరగలేదు. తేనె చరియ ఒక ఏడు వాళ్ళది, ఒక ఏడు వీళ్ళది. ముళ్ళకంప ఇవ్వాళే తీసేయాలి. ఒకే కుండలో నీళ్ళు అందరూ తాగారు. తేలిపోగానే పోశయ్య లేచి ఉప్పలయ్య దగ్గరికి వచ్చాడు.

"నేను అల్లునితోని ఇటే గుండ్లవాగుకు దిగుత సావుకారి. బిడ్డ మొఖం జూడాలె. నువ్వు జర తొందరగ పోయి మా సమ్మమ్మకు చెప్పు, బండి కట్టిచ్చి చుట్టుబాటన తోలుమను. పొద్దుగుంకకముందు బిడ్డను ఎక్కిస్త."

"నువ్వేం ఫికర్ జెయ్యకు. దిగుడుకు నా లెక్క వేరే ఉంటది," అన్నాడు ఉప్పలయ్య.

ఉత్త చేతులతో రాళ్ళు దిగడం ఎంత తేలికో ఆయన ఒంటికి గుర్తు లేదు. రెండో మెట్టు దగ్గర తాళం తీసి సైకిలెక్కాడు. కూపు బాటంతా వాలు. పెడల్ మీద కాలు పెట్టడమే తప్ప తొక్కే పని లేదు. కంకర దగ్గర దిగి, చదును దగ్గర ఎక్కి, వెనక బ్రేకు రబ్బరు వాసన వచ్చేదాకా పట్టి, ఎక్కడానికి సగం పొద్దు పట్టిన బాటను గంట లోపలే దిగేశాడు. ఊరి మొదట్లోనే బెల్లు కొట్టడం మొదలుపెట్టాడు. ఎందుకు కొడుతున్నాడో తెలియక కుక్కలు వెంటపడ్డాయి, వాటి వెనక మనుషులు వచ్చారు.

సమ్మమ్మ ముళ్ళకంప దగ్గరే నిలబడి ఉంది. పొద్దుటినుంచి అక్కడే ఉన్నట్టుంది. ఆయన్ను చూసి సైకిల్‌కు ఎదురుగా వచ్చింది.

"బండి కట్టియ్యి అక్కా," అన్నాడు ఉప్పలయ్య, హ్యాండిల్ మీదికి వంగి ఊపిరి తీసుకుంటూ. "గుండ్లవాగుకు. మీ ఆయన అప్పుడే ఆడికే దిగిండు."

ఆమె చెంగు నడుముకు దోపి, వట్టి చేతులతోనే ముళ్ళకంప లాగడం మొదలుపెట్టింది. ఊరివాళ్ళు గొడ్డళ్ళు పట్టుకుని ఉరికివచ్చి ఆమెను పక్కకు తప్పించారు. బండి వచ్చింది. ఆమె ఇంట్లోకి పోయి రెండు బొంతలు చంకన పెట్టుకుని వచ్చి, బండిలోకి తొంగిచూసి తోలేవాడి మీద అరిచింది.

"గింతేనారా గడ్డి? బాటంత గుంతలున్నయి, ఏడో నెల పిల్లను తెత్తానం. ఇంక రెండు మోపులు ఎయ్యి. ఎయ్యమంటానగా, ఇంక ఎయ్యి!"